కరువు నేల, కార్టిసాల్, పసిమెదడు

కార్టిసాల్ ఒక హార్మోను. మూత్రపిండాల మీద టోపీల్లా అమరి ఉండే అడ్రినల్ గ్రంథుల పైపొరలో ఇది ఊరుతుంది. ఆపద వేళ ఒంటిని సిద్ధం చేసేది ఇదే కాబట్టి దీన్ని ఒత్తిడి హార్మోను అంటారు. బిడ్డ కడుపులో పడ్డప్పటి నుంచి అయిదారేళ్ళు వచ్చేదాకా ఈ హార్మోను ఎంత పాళ్ళలో, ఎంతకాలం, ఏ దశలో మెదడును తాకిందన్నదాన్ని బట్టి జ్ఞాపకం, భయం, నిగ్రహం, నేర్చుకునే శక్తి వంటి వాటిని నడిపే మెదడు భాగాల ఎదుగుదల కొంత మారుతుంది. ఈ వ్యాసం ఆ శాస్త్రాన్ని అనంతపురం జిల్లా కంబదూరు మెట్టనేలను ఎదురుగా పెట్టుకుని వివరిస్తుంది. పట్నాల్లో ఒత్తిడి అంటే ఆఫీసు పని, పరీక్షలు గుర్తొస్తాయి. కంబదూరులో దాన్ని వేరే మాటల్లో చెబుతారు: వాన రాలేదు, బోరు ఎండింది, వడ్డీ పెరిగింది, ఊరు వదలాల.

నేల

కంబదూరు మండల కేంద్రం. కల్యాణదుర్గానికి దక్షిణంగా ఉంది. కర్ణాటకలోని పావగడ ప్రాంతం దగ్గరే కాబట్టి ఇక్కడి తెలుగులో కన్నడం కలిసి వినిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా చీలినప్పుడు పుట్టపర్తి, పెనుకొండ, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. కంబదూరు పాత జిల్లాలోనే ఉండిపోయింది.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాపున వాన పడుతుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా దీనికి పేరు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి చిక్కిపోతాయి. నేల ఎర్రది, పైమట్టి పలుచన, తేమ నిలవదు. వేసే పంట ఎక్కువగా శెనక్కాయ. ఊడలు దిగే వేళ మూడు వారాలు చినుకు పడకపోతే కాయ ఊరదు, మిగిలేది పశువులకు మేత. విత్తనానికి చేసిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఒక బోరు ఎండితే ఇంకో బోరు వేయించాలి, దానికి మరో అప్పు. ఆ తర్వాత బెంగళూరు బస్సు. కట్టడాల పనికి మొగుడూ పెళ్ళాలిద్దరూ పోతే, పిల్లలు అవ్వ దగ్గర మిగులుతారు, లేదంటే వాళ్ళతోపాటే పోయి ఇసుక కుప్పల పక్కన రేకుల షెడ్డులో పెరుగుతారు.

ఈ బాధ ఇవాళ్టిది కాదు. 1876-78 నాటి ధాత కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగం, విడి జిల్లా అయింది 1882లో. కరువు పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని బ్రిటిషు ప్రభుత్వ ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ నిర్ణయిస్తే, ఆ తిండితో పని చేసే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి విలియం కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ లెక్కల్లో కూలీ తిండి ఉంది, చావుల సంఖ్య ఉంది. ఆ రెండేళ్ళలో కడుపులో ఉన్న పిల్లలు తర్వాత ఎలా ఎదిగారన్నది ఏ దస్త్రానికీ ఎక్కలేదు. ఆ ప్రశ్న వేయడానికి కావలసిన శాస్త్రమే అప్పటికి పుట్టలేదు.

హార్మోను నడక

ఆపద కనబడగానే మెదడు అడుగుభాగంలోని హైపోథలామస్ ఒక రసాయన కబురు పంపుతుంది. దాన్ని అందుకుని పిట్యూటరీ గ్రంథి రక్తంలోకి ఇంకో కబురు వదులుతుంది. అది అడ్రినల్ గ్రంథులకు చేరితే కార్టిసాల్ ఊరుతుంది. కండరాలకు చక్కెర అందుతుంది, రక్తపోటు నిలబడుతుంది, ఆ పూటకు అవసరం లేని పనులు వెనక్కి పోతాయి. ఆపద తీరాక అదే కార్టిసాల్ మెదడుకు తిరిగి వెళ్ళి, ఇక చాలు అని చెబుతుంది. ఈ కళ్ళెం పనిచేసినంత కాలం కార్టిసాల్ మేలే చేస్తుంది. రోజూ తెల్లవారి నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో అది పతాక స్థాయికి చేరి, పొద్దుపోయే కొద్దీ తగ్గి, నడిరేయికి అట్టడుగుకు పోతుంది. పుట్టిన బిడ్డలో ఈ పగలూ రాత్రీ లయ వెంటనే ఉండదు, మొదటి కొన్ని నెలల్లో కుదురుకుంటుంది.

ఒత్తిడి అన్న భావనకు వైద్యంలో పునాది వేసింది హాన్స్ సెల్యే, 1936లో. అడ్రినల్ పైపొర హార్మోన్లను కనిపెట్టినందుకు కెండాల్, రైష్‌టైన్, హెంచ్ 1950లో నోబెల్ అందుకున్నారు. కానీ ఈ హార్మోనుకు, మెదడుకు ఉన్న లంకెను బయటపెట్టిన మలుపు 1968లో వచ్చింది. బ్రూస్ మెకెవెన్ ఎలుకలకు రేడియోధార్మిక గుర్తు పెట్టిన ఒత్తిడి హార్మోను ఎక్కించి చూస్తే, అది పోయి హిప్పోకాంపస్‌లో పేరుకుంది. హిప్పోకాంపస్ జ్ఞాపకాల కొట్టు. ఒత్తిడికి పడే కళ్ళెంలో ఒక కొస కూడా దాని చేతిలోనే ఉంటుంది. అంటే, ఏ భాగం ఆ హార్మోనును అదుపు చేయాలో ఆ భాగమే దాని దెబ్బకు ముందు వరుసలో నిలబడి ఉంది. కళ్ళెం పట్టిన చెయ్యి బలహీనపడితే గుర్రం ఇంకా పరుగు తీస్తుంది.

దీర్ఘకాలం ఒత్తిడిలో ఉంచిన జంతువుల్లో హిప్పోకాంపస్ నాడీకణాల కొమ్మలు కురచబడటం, భయాన్ని పసిగట్టే అమిగ్డలాలో కొమ్మలు పెరగడం కనబడింది. ఆలోచనకు, నిగ్రహానికి కేంద్రమైన ముందుమెదడులోనూ కొమ్మలు తగ్గాయి. ఇది పాడైపోవడం అనుకోవడం కంటే సర్దుబాటు అనుకోవడం సరైనదని నా అభిప్రాయం. ప్రమాదం నిండిన లోకంలో బతకడానికి తయారవుతున్న మెదడు, నిదానంగా నేర్చుకోవడం తగ్గించుకుని ఉలిక్కిపడటం పెంచుకుంటుంది. బడిలో కూర్చోబెట్టినప్పుడే ఆ సర్దుబాటు బిడ్డకు ఎదురు తిరుగుతుంది.

కడుపులో

గర్భిణిలో కార్టిసాల్ సహజంగానే పెరుగుతుంది, నెలలు నిండేసరికి మామూలుకు రెండు మూడు రెట్లవుతుంది. బిడ్డకు అది కావాలి కూడా, ఊపిరితిత్తులు పక్వానికి రావడానికి కార్టిసాలే తోడ్పడుతుంది. లిగ్గిన్స్, హౌవీ అనే న్యూజిలాండ్ వైద్యులు 1972లో ప్రకటించిన పరిశోధన దీని మీదే నిలబడింది. నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన తల్లికి ఇలాంటి హార్మోను ఇంజెక్షన్లు ఇస్తే పుట్టే బిడ్డ ఊపిరి నిలబడుతుంది. మన ఆసుపత్రుల్లో 12 గంటలకొకటి చొప్పున 6 మిల్లీగ్రాముల డెక్సామెథజోన్ నాలుగు మోతాదులు ఇచ్చేది అందుకే. ఒత్తిడి హార్మోను అనగానే విషం అనుకోకూడదని ఈ ఒక్క మందే చెబుతోంది. ఎప్పుడు, ఎంత అన్నదే లెక్క.

ఆ లెక్క తప్పకుండా చూసేది మాయ. మాయలోని ఒక ఎంజైము తల్లి రక్తంలోని కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని చురుకులేని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. అందువల్ల బిడ్డ రక్తంలో కార్టిసాల్ తల్లిలో ఉన్నదానికి అయిదు నుంచి పది రెట్లు తక్కువగా ఉంటుంది. కంబదూరు వంటి చోట గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. గర్భంతో ఉన్న ఎలుకలకు మాంసకృత్తులు తగ్గించి తిండి పెడితే మాయలోని ఈ ఎంజైము పని మందగించింది. ఆకలికి, బెంగకు శరీరంలో దారులు వేరు వేరుగా లేవు. పప్పు, గుడ్డు తగ్గిన ఇంట్లో బెంగ ఎలాగూ ఎక్కువే, దాన్ని అడ్డుకునే కాపలా కూడా అక్కడే పలుచబడుతుంది. కరువు ఒక దెబ్బను రెండు దెబ్బలు చేసేది ఇలాగే.

మనుషుల్లో ఆధారాలు పెద్ద విపత్తుల నుంచి వచ్చాయి. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తిండి కరువు పడింది. ఆ కరువు ముదిరినప్పుడు కడుపున పడ్డవారిలో పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా సుమారు రెండింతలు కనబడింది. ఇక్కడ ఆకలి, భయం కలిసే ఉన్నాయి, ఏది ఎంతో విడదీయడం కష్టం. 1998 జనవరిలో కెనడాలోని క్యుబెక్‌లో మంచుతుఫాను వచ్చి లక్షల ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు పోయింది. అక్కడ తిండికి కరువు లేదు, ఉన్నది కష్టమే. అప్పుడు గర్భిణులుగా ఉన్న తల్లులను, వాళ్ళ పిల్లలను సుజాన్ కింగ్ బృందం ఏళ్ళ తరబడి గమనించింది. తల్లి పడ్డ కష్టం ఎంత ఎక్కువో, పిల్లల భాషా సామర్థ్యం, తెలివితేటల పరీక్ష ఫలితాలు అంత తక్కువగా వచ్చాయి. క్లాడియా బస్ బృందం 2012లో ప్రచురించిన పరిశీలనలో, గర్భం తొలి నెలల్లో తల్లి కార్టిసాల్ ఎక్కువగా ఉంటే ఏడేళ్ళ వయసుకు ఆడపిల్లల్లో కుడివైపు అమిగ్డలా పెద్దదిగా కనబడింది.

వానకు, కార్టిసాల్‌కు నేరుగా ముడి వేసి చూసిన పని కెన్యాలో జరిగింది. వాన తక్కువ పడిన ఏడు అక్కడి పేద రైతుల లాలాజలంలో కార్టిసాల్ పెరిగింది. సేద్యం మీదే బతికేవాళ్ళలో ఆ పెరుగుదల స్పష్టంగా ఉంది. కంబదూరు రైతుకు ఇది కొత్త సంగతి కాదు, మబ్బు తేలిపోయిన రాత్రి నిద్ర పట్టదని అతనికి తెలుసు. ఆ నిద్రలేని రాత్రిని లాలాజలంలో కొలవవచ్చన్నదే కొత్త.

ఒడి

పుట్టేనాటికి బిడ్డ మెదడు 350 నుంచి 400 గ్రాములు. రెండేళ్ళకే అది పెద్దవాళ్ళ మెదడు బరువులో ముప్పాతిక వంతుకు చేరుతుంది. నాడీకణాల మధ్య సంధులు ఈ కాలంలో లెక్కకు మించి పుడతాయి. వాడుకలో ఉన్నవి గట్టిపడతాయి, లేనివి రాలిపోతాయి. చూపుకు సంబంధించిన భాగంలో ఈ సందడి మొదటి ఏడాదిలోనే పతాకానికి చేరితే, ముందుమెదడులో యవ్వనం దాకా సాగుతుంది. కాబట్టి ఒత్తిడి ఏ వయసులో వచ్చిందన్నది ముఖ్యం. ఆ వయసులో కట్టుబడిలో ఉన్న భాగమే దెబ్బ తింటుంది.

ఇంత లేత మెదడుకు ప్రకృతి పెట్టిన రక్షణ పక్కన ఉండే మనిషి. మెగన్ గన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త టీకాలు వేయించుకునే పిల్లల లాలాజలం తీసి కార్టిసాల్ కొలిచారు. రెండు, నాలుగు, ఆరు నెలల పిల్లల్లో సూది గుచ్చగానే కార్టిసాల్ పెరిగింది. పదిహేనో నెలకు వచ్చేసరికి, తల్లితో నమ్మకమైన అనుబంధం ఉన్న పిల్లల్లో అది దాదాపు పెరగలేదు. వాళ్ళు ఏడ్చారు, కానీ లోపల హార్మోను లేవలేదు.

ఇది మన పల్లెల్లో బుధవారం, శనివారం టీకాల రోజున ఎవరైనా చూడగలిగిన దృశ్యమే. అంగన్వాడీ అరుగు మీద ఏఎన్ఎం సూది సిద్ధం చేస్తూ, ‘కాలు గట్టిగా పట్టుకోమ్మా’ అంటుంది. గుచ్చగానే బిడ్డ ఊపిరి బిగబట్టి, ఎర్రబడి, ఒక్కసారిగా గొంతు విప్పుతుంది. తల్లి చేతులు అంతకుముందే బిడ్డ వీపు మీదికి వెళ్ళి ఉంటాయి. ‘అయిపోయిందిలేప్పా, అయిపోయింది’ అంటూ భుజాన వేసుకుని రెండడుగులు నడుస్తుంది. పక్కనున్న అవ్వ కొంగుతో ముక్కు తుడుస్తుంది. నిమిషం గడవకముందే బిడ్డ వెక్కుతూనే ఎదుటి గోడ మీది బొమ్మ వైపు చూస్తుంది. ఆ రెండడుగుల నడకలో పిట్యూటరీకి వెళ్ళవలసిన కబురు ఆగిపోయింది. గన్నర్ గొట్టాల్లో కొలిచింది దీన్నే.

ఒడి లోపిస్తే ఏమవుతుందో చెప్పిన పరిశోధనల్లో కడు విషాదకరమైనది రుమేనియాది. బుకారెస్ట్ అనాథ శరణాలయాల్లో తిండి, పక్క ఉండి, ఎత్తుకునే మనిషి లేక పెరుగుతున్న 136 మంది పసివాళ్ళను నెల్సన్, ఫాక్స్, జీనా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 2000 దశకం మొదట్లో ఎంచుకుని, చీటీ వేసి సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. రెండేళ్ళ లోపు కుటుంబంలోకి వెళ్ళిన పిల్లలు తెలివితేటల్లో, అనుబంధంలో ఎక్కువ కోలుకున్నారు. పన్నెండేళ్ళ వయసులో వాళ్ళందరినీ ఒత్తిడి పరీక్షకు కూర్చోబెడితే, శరణాలయంలోనే పెరిగినవాళ్ళలో కార్టిసాల్ పెరగడానికి బదులు మొద్దుబారి కనిపించింది. తొందరగా ఇల్లు దొరికినవాళ్ళలో అది మామూలు పిల్లల్లో లాగే స్పందించింది. ఒత్తిడి అంటే హార్మోను ఎప్పుడూ ఎక్కువగా ఉండటమే అనుకునేవాళ్ళు దీన్ని గమనించాలి. ఏళ్ళ తరబడి అరిచిన గొంతు చివరికి బొంగురుపోతుంది, అవసరమైనప్పుడు కూడా పలకదు.

ఎలుకల్లో ఈ సంగతి జన్యువుల దాకా వెళ్ళింది. మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం, పిల్లల్ని ఎక్కువగా నాకి సాకే తల్లి ఎలుకల పిల్లలు పెద్దయ్యాక ఒత్తిడి నుంచి తొందరగా తేరుకుంటాయని 1997లో చూపింది. అలాంటి పిల్లల హిప్పోకాంపస్‌లో ఒత్తిడి హార్మోనును పట్టుకునే గ్రాహక జన్యువు మీద రసాయన ముద్రలు తక్కువగా ఉంటాయని 2004లో తేల్చారు. నాకని తల్లికి పుట్టిన పిల్లను నాకే తల్లి దగ్గర పెంచితే ఆ ముద్ర పెంచిన తల్లిని బట్టే వచ్చింది. పుట్టుకను మించి పెంపకం జన్యువు మీద రాసిన రాత అది. మనిషిలో ఇంత సూటిగా రుజువు చేయడం వీలు కాదు, బతికున్న బిడ్డ మెదడును కోసి చూడలేం కదా.

అయినా స్పర్శ విలువ మనుషుల్లోనూ కొలిచారు. నెలలు తక్కువ పిల్లలకు రోజూ మర్దన చేస్తే బరువు 47 శాతం ఎక్కువ పెరిగిందని టిఫనీ ఫీల్డ్ 1986లో ప్రకటించారు. పుట్టిన కొత్తలో పధ్నాలుగు రోజులు, రోజుకో గంట తల్లి గుండెకు ఆనించి ఉంచిన పిల్లల్లో పదేళ్ళ వయసుకు కూడా కార్టిసాల్ స్పందన నెమ్మదిగా ఉందని ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ చూపారు. మన ఇళ్ళల్లో అవ్వ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను ఆ కాళ్ళ మధ్య బోర్లా వేసుకుని, ఆముదం పట్టించి, అరచేత్తో వెన్నెముక పొడవునా రాసి, గోరువెచ్చని నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి నిద్ర పుచ్చడం ఎంతో కాలంగా ఉన్నదే. సాంబ్రాణి పొగ ఊపిరికి మంచిది కాదని వైద్యులు చెబితే వినాలి. ఆ అరచేతిని మాత్రం వదులుకోకూడదు. పురిటికి ఆడపిల్లను పుట్టింటికి పంపే ఆచారం కూడా ఇలాంటిదే. ఆ నెలల్లో నీళ్ళ బిందె, కట్టెల మోపు, అప్పులవాడి గొంతు ఆమెకు దూరంగా ఉంటాయి.

అవ్వ దగ్గర పెరిగిన బిడ్డ చెడిపోయినట్టే అన్న మాట ఈ శాస్త్రంలో ఎక్కడా లేదు. కావలసింది మారకుండా ఉండే ఒక మనిషి. అది తల్లే కానక్కర్లేదు. కానీ అవ్వకు మోకాళ్ళ నొప్పులు, ముగ్గురు మనవళ్ళు, ఇంట్లో చాలీచాలని బియ్యం ఉన్నప్పుడు ఆ ఒడికి కూడా ఎవరో ఆసరా కావాలి.

తెలుగు నేల మీది కొలతలు

అనంతపురం జిల్లా ప్రపంచ పరిశోధనలో ఒక పెద్ద కొలతకు చోటిచ్చింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002లో నాటి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. 2001-02లో పుట్టిన సుమారు 2,000 మందిని, 1994-95లో పుట్టిన సుమారు 1,000 మందిని ఎంచుకుని, వాళ్ళు పెద్దయ్యేదాకా వెంట నడిచింది. ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం, కడప, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాదు ఉన్నాయి. ఈ అధ్యయనం ఎత్తు, బరువు, చదువు, ఇంటి కష్టాలు రాసుకుంది. కార్టిసాల్‌ను నేరుగా కొలవకపోయినా, కరువు పసివాడి ఒంటిమీద ఎలా దిగుతుందో, ఏది దాన్ని ఆపుతుందో దీని లెక్కలే చెప్పాయి.

వాటిలో రెండు ఫలితాలు ముఖ్యమైనవి. రాష్ట్రంలో బడి మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. కరువు తగిలిన ఇళ్ళ చిన్నపిల్లలు ఎత్తులో, బరువులో వెనకబడ్డారు. బడి భోజనం అందిన పిల్లలు మాత్రం ఆ నష్టాన్ని పూడ్చుకున్నారని అభిజిత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ చూపారు. రెండోది ఉపాధి హామీ గురించి. ఈ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. కొలతకు కొద్దికాలం ముందు తగిలిన కరువు దెబ్బ నుంచి పసిపిల్లల ఎదుగుదలను అది కాపాడిందని, కానీ అంతకు ఎన్నో ఏళ్ళ ముందు జరిగిపోయిన నష్టాన్ని వెనక్కి తేలేకపోయిందని అపరాజిత దాస్‌గుప్తా ఈ లెక్కలతోనే తేల్చారు. కట్టుబడి సాగుతున్నప్పుడు అందిన సాయం పనిచేస్తుంది, ఆలస్యమైతే సగమే. మెదడు శాస్త్రం చెప్పే మాటా ఇదే.

మూడో ఆధారం హైదరాబాదు చుట్టుపక్కలది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ రంగారెడ్డి జిల్లాలోని 29 పల్లెల్లో ఒక ప్రయోగం చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అంగన్వాడీ పోషకాహారం అందింది, 14 పల్లెల్లో అప్పటికి ఇంకా రాలేదు. పిల్లలు కౌమారానికి వచ్చాక సంజయ్ కిన్రా బృందం వెళ్ళి కొలిస్తే, తిండి అందిన పల్లెల వాళ్ళు 14 మిల్లీమీటర్లు పొడవున్నారు, వాళ్ళ రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. ఆ తర్వాతి పరిశీలనలో వాళ్ళు చదువులో కూడా ఎక్కువ తరగతులు పూర్తి చేసినట్టు తేలింది. ఎత్తు 14 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఆ తిండి పెట్టింది పరిశోధకులు కాదు, పల్లెలో మామూలుగా నడిచే అంగన్వాడీ.

తర్వాతి స్థితి చూస్తే, 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేనివాళ్ళు, 63.2 శాతం మందికి రక్తహీనత. 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. ఇనుము లోపించినా హిప్పోకాంపస్ ఎదుగుదల, నాడీతంతువుల మీద తొడుగు దెబ్బతింటాయి, అంటే కార్టిసాల్ తాకే చోటే ఇదీ తాకుతుంది. ఇంకా ఎదుగుతున్న ఒంటితో పదహారేళ్ళ పిల్ల తల్లయితే, తిండి కోసం ఇద్దరు బిడ్డలు పోటీ పడినట్టే. గర్భిణికి ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీలో తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. పసిమెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం సరిగా మూసుకోవడానికి ఆ విటమిను కావాలి. అది మూసుకునేది మొదటి 28 రోజుల్లో, చాలామందికి కడుపు వచ్చిన సంగతే తెలియని రోజుల్లో.

బడి గురించి కూడా ఒక మాట చెప్పాలి. యంగ్ లైవ్స్ పలకరించిన ఎనిమిదేళ్ళ తెలుగు పిల్లల్లో నాలుగింట మూడు వంతుల కంటే ఎక్కువ మంది బడిలో దెబ్బలు తిన్నట్టు చెప్పారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం దీన్ని నిషేధించింది. కొద్దిపాటి కార్టిసాల్ జ్ఞాపకానికి సాయపడుతుంది, అది మితిమీరితే హిప్పోకాంపస్ కొత్తది రాసుకోలేదు. ఎక్కం తప్పినందుకు బెత్తం దెబ్బ తిన్న పిల్లకు ఎక్కం గుర్తుండదు, బెత్తం గుర్తుంటుంది.

కొలిచే తీరు, హద్దులు

కార్టిసాల్‌ను రక్తంలో, లాలాజలంలో, మూత్రంలో కొలుస్తారు. ఈ మూడూ ఆ పూట సంగతే చెబుతాయి. కొన్ని నెలల సంగతి కావాలంటే వెంట్రుక తీసుకోవాలి. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు దాపున పెరుగుతుంది, పెరిగే కొద్దీ కార్టిసాల్‌ను తనలో దాచుకుంటుంది. కుదురు నుంచి మూడు సెంటీమీటర్లు కోస్తే మూడు నెలల బెంగ అందులో ఉంటుంది. కొసల వైపు పోయే కొద్దీ తలంటు నీళ్ళకు అది కరిగిపోతుంది. పుట్టిన బిడ్డ తలమీది వెంట్రుకల్లో ఉన్నది తల్లి కడుపులో గడిపిన చివరి నెలల జాడ. మనవాళ్ళు పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమలో, కదిరి నరసింహస్వామి దగ్గరికో పోతారు. మంగలి కత్తి కింద రాలిన ఆ మెత్తటి కుచ్చుల్లో ఒక ఆడమనిషి గడిపిన నిద్రలేని రాత్రుల లెక్క కూడా ఉండి ఉంటుందన్న ఊహ నన్ను వదలదు.

అయితే ఒక బిడ్డ కార్టిసాల్ సంఖ్య చూసి ఆ బిడ్డ రాత చెప్పలేం. పైన చెప్పినవన్నీ గుంపుల సగటులు. ఒకే ఇంట్లో, ఒకే కరువులో పెరిగిన ఇద్దరిలో ఒకరు చలించి ఒకరు నిలబడవచ్చు. పేదరికం పసిమెదడును శాశ్వతంగా చెడగొడుతుందని కొందరు రాస్తున్నారు. అది తప్పు, ఆ పిల్లలకు అవమానం కూడా. అంతకంటే పెద్ద తప్పు ఈ శాస్త్రాన్ని తల్లి నెత్తిన పెట్టడం. ‘నువ్వు బెంగ పడితే బిడ్డకు చేటు’ అని గర్భిణికి చెబితే ఆమెకు ఇంకో బెంగ చేరుతుంది. అప్పు ఆమె కార్టిసాల్‌లో పుట్టలేదు. అప్పులో ఆమె కార్టిసాల్ పుట్టింది.

దించే మార్గాలు

మెక్సికోలో పేద కుటుంబాలకు నెలనెలా నగదు ఇచ్చే ప్రభుత్వ పథకంలో ఉన్న ఇళ్ళ పిల్లల లాలాజలాన్ని లియా ఫెర్నాల్డ్, మెగన్ గన్నర్ పరీక్షించి 2009లో ప్రచురించారు. డబ్బు అందిన ఇళ్ళ పిల్లల్లో కార్టిసాల్ తక్కువగా ఉంది. దిగులుతో కుంగిపోయిన తల్లుల పిల్లల్లో ఆ తేడా మరీ ఎక్కువ. డబ్బు తల్లి చేతికి వచ్చింది, హార్మోను బిడ్డ నోట్లో తగ్గింది. జమైకాలో సాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ 1980లలో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసివాళ్ళతో పని చేశారు. వాళ్ళలో కొందరి ఇళ్ళకు వారానికొకసారి ఒక ఆరోగ్య కార్యకర్త వెళ్ళి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించేది. ఇలా రెండేళ్ళు సాగింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిల్లల సంపాదన, అలాంటి సాయం అందనివాళ్ళ కంటే 25 శాతం ఎక్కువ. ఆటవస్తువులు డబ్బాలతో, చెక్కముక్కలతో ఇంట్లోనే చేసినవి.

మన దగ్గర ఇందుకు చెయ్యి కొత్తగా మొలవనక్కర్లేదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం వల్ల అంగన్వాడీ ఇవాళ దాదాపు ప్రతి పల్లెలో ఉంది. గర్భిణికి రోజూ అక్కడే ఒక పూట పూర్తి భోజనం పెట్టే ఏర్పాటు రాష్ట్రంలో 2013లో అమృత హస్తం పేరుతో వచ్చింది, తర్వాత పేర్లు మారుతూ సాగింది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి కల్యాణదుర్గంలో కాన్పులు చూస్తూ వచ్చింది. ఈ ఏర్పాట్లలో బియ్యం, గుడ్డు, పాలు లెక్క ప్రకారం ఉన్నాయి. తక్కువైంది బిడ్డతో కూర్చుని ఆడే సమయం. ఒక టీచరమ్మ రిజిస్టర్లు రాయాలి, వంట చూడాలి, బరువులు తూచాలి, ఫోన్లో వివరాలు ఎక్కించాలి. జమైకాలో ఫలితం ఇచ్చిన ఆ వారానికొక గంట ఇక్కడ ఆమె పనుల జాబితాలో అట్టడుగున పడింది.

వలస ఇంటి బిడ్డకు, కూలి ఇంటి బిడ్డకు మాత్రం ఒడి పని చోటనే కావాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం రాసినవాళ్ళకు ఈ సంగతి తట్టింది. పని చోటికి ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురో అంతకంటే ఎక్కువో వస్తే, కూలికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకరిని ఆ పిల్లల్ని చూసుకోవడానికి పెట్టాలని, ఆమెకూ మిగతావాళ్ళతో సమానంగా కూలి ఇవ్వాలని అందులో రాశారు. కంబదూరు మెట్టలో ఫారం పాండ్ తవ్వుతున్న చోట వేపచెట్టు నీడన చీరతో ఉయ్యాల కట్టి, నలుగురిని ఆడిస్తూ ఒకరిని ఊపుతూ కూర్చున్న మనిషికి పారపట్టిన మనిషితో సమానంగా మస్టరులో హాజరు పడాలి.